దీర్ఘం

మార్చి 4

అన్న ఇంకా కళ్ళు తెరవలేదు. స్కూటర్ మీంచి పడ్డ పెద్దమనిషి ఐసీయూలో దర్జాగా పడుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ ఆసుపత్రి లాండ్రీలోనే పనిచేస్తున్నాను, మా ఇంటి మనిషి కప్పుకున్న దుప్పటి ఉతకడం ఇదే మొదలు. పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండండి, వినపడుతుందేమో అంది డాక్టరమ్మ. వదిన నోరు విప్పదు. మామూలప్పుడు ఆవిడ నోటి ముందు మా వాషింగ్ మెషిన్లు బలాదూర్.

మార్చి 6

వదిన ఐసీయూ గుమ్మం తొక్కడమే మానేసింది. మా లాండ్రీ పక్కనున్న ప్రార్థన గదిలో కూర్చుంటోంది. అందులో బొమ్మా లేదు, దీపమూ లేదు. ఏ దేవుడొచ్చినా సర్దుకోవాలని నాలుగు కుర్చీలు వేశారు. గోడ గడియారం ఆగిపోయి ఉంది. బాగుచేయించమంటే, అక్కడ టైం ఎవడు చూస్తాడన్నాడు సూపర్‌వైజర్.

మార్చి 7

కాఫీ తీసుకెళ్ళాను. కప్పు అలాగే తిరిగిచ్చింది.

మార్చి 8, మధ్యాహ్నం

లాండ్రీ గోడకి పైన, గాలి కోసం ఒక కన్నం ఉంది. అవతల ప్రార్థన గది. స్టూలెక్కి చెవి పెట్టాను. వదిన దేవుణ్ణి దులిపేస్తోంది. ఇన్నేళ్ళూ పిలిచాను, ఒక్కసారన్నా ఊఁ అన్నావా అంటోంది. చివరికి గొంతు బొంగురుపోయింది.

"నువ్వు పలికేది ఎప్పుడు?"

నాకు పాడు బుద్ధి పుట్టింది. ఉలిక్కిపడి, నేనేనని తెలిసి తిడుతుందిలే అనుకున్నాను. ఆ తిట్లు విని ఎన్నాళ్ళో అయింది. గొంతు లావు చేసి, ప్రతిధ్వనిలా సాగదీశాను.

"ఎప్పుడూ..."

అటునుంచి ఒక్క తిట్టూ రాలేదు. అప్పుడు వెలిగింది నాకు. సాగదీసేసరికి దీర్ఘం పడింది. ఆవిడ ప్రశ్నే ఆవిడకి జవాబైపోయింది. బళ్ళో నా చదువు చతికిలబడింది దీర్ఘాల దగ్గరే.

కుర్చీ జరిగింది. వదిన తిన్నగా అన్న దగ్గరికి వెళ్ళింది.

మార్చి 9

మాట్లాడుతూనే ఉంది. కొత్తకాపురంలో మాడిన అన్నం, మొన్న రాని గ్యాస్ బండ, రెండూ ఇప్పుడే జరుగుతున్నట్టు చెబుతోంది. నర్సులు కూడా ఆగి వింటున్నారు.

నాకే నిద్ర లేదు. అన్న లేవకపోతే? దేవుడి నోట్లో మాట పెట్టిన పాపం ఎవరి ఖాతాలో పడుతుంది?

మార్చి 11

చెప్పేద్దామని నోరు తెరిచాను. వదిన దిండు గలీబు సర్దుతూ ముందే అందుకుంది.

"ఆడపడుచు గొంతు గుర్తుపట్టలేనిదాన్నా? దేవుడికి ఆ పూట వేరే నోరు దొరకలేదు పాపం."

తిట్టింది నన్నో ఆయన్నో తెలియలేదు. నవ్వింది మాత్రం. మరెందుకు నమ్మావని అడిగాను. నువ్వు అనబోయిందేమిటి, అన్నదేమిటి అని ఎదురడిగింది.

మార్చి 14, ఉదయం

అన్న కళ్ళు తెరిచాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎప్పుడొచ్చారే అన్నాడు.

వదిన నావైపు చూసింది.

దీర్ఘం పెట్టి చెప్పాను.