నాయన చేపలు, నా చేపలు, ఒక బావి

ఒకే రోజు పగిలిన గుడ్లు, ఒకే నీళ్లు, ఒకే మేత. అయినా ఏడాది తిరిగేసరికి ఒక చేప మూరెడు అయితే, దాని తోబుట్టువు అరచేయి దాటదు. ఎందుకు? పెద్దదాన్ని పెద్దది చేసింది దాని రక్తమా, దానికి దొరికిన చోటా? ఏళ్ల తరబడి నాతో ఉన్న ఈ ప్రశ్నను ముందు రాయకుండా ఆస్తి సంగతి రాయలేను. నాకున్న ఆస్తంతా దీని చుట్టూనే పెరిగింది.

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో మా చేపల చెరువు గట్టున నివాసముంటున్న, కీర్తిశేషులు మునిస్వామి గారి కుమార్తె ఉషారాణి అను నేను, నలభై అయిదేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. వచ్చే నెల వేలూరులో నాకు ఆపరేషన్. భయపడాల్సిన పని లేదని డాక్టరమ్మ అంది. అయినా రాసి పెడుతున్నాను. బుద్ధి స్థిరంగా ఉందని రాయాలట. ఉంది. కాకపోతే అది ఏనాడూ ఒక్క మాట మీద నిలబడింది కాదు.

1. ఈ వీలునామాను అమలుపరచవలసిన వాడు నా తమ్ముడు బాలాజీ. మదనపల్లెలో చేపలకు మేతగా వేసే తవుడు, వేరుశనగ చెక్క అమ్మే అంగడి వాడిది. నేను ఎన్ని తరాల చేపలు పెంచి చూపినా, "అంతా నా చెక్క మహిమక్కా, రక్తం గిక్తం ఏమీ లేదు" అన్నాడు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు. అయినా నేను పిలిచిన ప్రతిసారీ పని వదిలి వచ్చింది వాడే. కాబట్టి వాడే.

2. మా నాయన నా పేర రాసిన పొలము, అందులోని చెరువు, చెరువు మధ్య కట్ట, రాతి బావి, రేకుల షెడ్డు, వీటన్నింటినీ నా తదనంతరం బాలాజీ కూతురు పావని సర్వ హక్కులతో అనుభవించవలెను. పావని కుప్పంలో జువాలజీ చదువుతోంది. సెలవులకు వచ్చిన ప్రతిసారీ చెప్పులు గట్టున వదిలి ముందు నీళ్లలో దిగుతుంది, తరువాతే ఇంట్లోకొస్తుంది.

ఆ మధ్య కట్టను మాత్రం తీయరాదు. దాని కథ ఇక్కడే చెప్పాలి.

నేను తిరుపతిలో ఎమ్మెస్సీ ముగించి వచ్చేసరికి మా నాయన చెరువులో రోహు చేపలు ఏటికేడు చిన్నవవుతున్నాయి. కారణం నాకు మొదటి వలకే కనిపించింది. పెద్ద చేపలన్నీ సంతకు పంపి, ఎవరూ కొనని చిన్నవాటిని వచ్చే ఏడు పిల్లల కోసం తల్లులుగా ఉంచుతున్నాడు. ఒక్క మా నాయనే కాదు, ఈ చుట్టుపక్కల అందరూ అంతే. ఎదగనివాటినే ఎంచి ఎంచి వంశం నడుపుతున్నారని చెప్పాను. ఆయన నవ్వాడు. "పెద్ద సేపను ఇంట్లో పెట్టుకోని సిన్నది సంతకు తీస్కపోతే జనం నవ్వరా అమ్మా? మన పుంగనూరు ఆవును సూడు. కురసగా ఉండాదని ఎవురన్నా వదులుకుంటారా?"

ఒక వారం వాదించుకున్నాం. ఆ పైన ఆయనే మనుషుల్ని పెట్టి చెరువు నడుమ కట్ట వేయించాడు. "ఆ పక్క నీది, ఈ పక్క నాది. సూద్దాం." అది 1990.

3. కట్టకు తూర్పున ఉన్నవి నా చేపలు. ప్రతి తరంలోనూ బాగా ఎదిగినవాటినే తల్లిదండ్రులుగా ఎంచాను, ఎడమ పొట్టరెక్క కొస కత్తిరించి గుర్తు పెట్టాను. పడమటివి మా నాయన చేపలు. వాటికి కుడి రెక్క. రెండింటినీ పావనికి ఇస్తున్నాను, ఈ షరతులతో. ముద్దొచ్చిన నాలుగు చేపలతో వంశం నడపరాదు. ఒకే తల్లి పిల్లలను జత కట్టించరాదు. పెద్దది కనిపించగానే రక్తమని మురిసిపోరాదు, ముందు పుట్టి ముందు తిని పక్కవాటిని తోసేసి పెరిగింది కూడా ఉంటుంది. ఒకే ఈడు వాటిని ఒకే నీళ్లలో పెంచి, అప్పుడు పోల్చాలి.

రెండింటినీ కలిపి ఒకటి చేయమని నీకు చాలామంది చెబుతారు. కలిపాక విడదీయలేవు పావనీ.

4. మా అమ్మ నారాయణమ్మ తన పెళ్లినాటి దోమతెర విప్పి కుట్టిన గుడ్డ తొట్టి షెడ్డులో వేలాడుతోంది. తొలకరిలో దాన్ని చెరువులో కట్టి, తల్లిచేపలకు గుడ్లు పెట్టే ఇంజెక్షన్ చేసి అందులోనే వదిలేవాళ్లం. తెల్లారి చూస్తే నిండా గుడ్లు, సగ్గుబియ్యం ఉడికినట్టు. అమ్మ చేయి ముంచి, "ఎంత సల్లగా ఉండాయో" అనేది. ఇప్పుడది పనికి రాదు, అంతా చిరుగులే. దాన్ని యశోదమ్మకు ఇస్తున్నాను. పుంగనూరు సంతలో చేపలు కోసి అమ్మే యశోదమ్మ, అమ్మ పోయాక ఆ తెర దగ్గర నిలబడి ఏడ్చిన ఒకే ఒక మనిషి. "ఎమ్మెస్సీ సదివి సేపలు పడతాండావా" అని నన్ను మొదట ఎగతాళి చేసింది కూడా ఆమే.

5. తిరుపతిలో కప్పలు కోయడానికి కొన్న చిన్న కత్తెర పావనికి. ఇన్నేళ్లూ రెక్కలు కత్తిరించింది దానితోనే.

6. మా నాయన తాళ్ల త్రాసు బాలాజీకి. దాని మీద నాకొక కోపముంది, అది కూడా వాడికే. 1996లో రెండు పక్కలా ఒకే రోజు వల లాగాం. నా చేపలు ఆయన చేపలకు దాదాపు రెండింతలు. నా చేపల్లోకెల్లా మంచి తల్లిని ఆయన ఆ త్రాసులో వేసి చూసి, పొద్దున్నే తడి గోనెలో చుట్టుకుని సంతకు పోయాడు. అందరికీ చూపించి అక్కడే అమ్మేసి వచ్చాడు. "మా పాప సేప అంటే బేరం కూడా ఆడలేదమ్మా!" వంశానికి ఉంచుకున్న తల్లి అది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయాక అనిపించింది, ఆయన నన్ను నలుగురిలో మెచ్చుకున్నది ఆ ఒక్కసారేనని.

7. బావి గురించి. ఇది రాయడానికే ఇంత రాశాను.

2003 ఎండాకాలం చెరువు రెండు పక్కలా పగుళ్లు వేసింది. నా తల్లిచేపలు, నాయన తల్లిచేపలు, అన్నీ తెచ్చి బావిలో వదిలాను. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున యశోదమ్మ బావి దరిన నిలబడి పిలిచింది. "నీవి నీళ్ల మీదికొచ్చి నోళ్లు తెరిసినాయి పాపా. మీ నాయనవి అడుగున తిరగతాండాయి." నావి చాలా పోయాయి. ఆయనవి దాదాపు అన్నీ బతికాయి. మిగిలిన కొన్నింటితోనే నా వంశాన్ని మళ్లీ నిలబెట్టాను.

నాయనవి బతికింది రక్తం వల్లనా, ఒళ్లు చిన్నది కావడం వల్లనా? నావి పోయింది వేగంగా ఎదిగే గుణంతో పాటు గాలి తక్కువైతే ఓర్వని గుణం కూడా నేనే ఎంచి పెట్టడం వల్లనా? తేల్చే పరీక్ష తెలుసు. సమానమైన సైజువి రెండు రకాలూ తక్కువ నీళ్లలో పెట్టి, ఏవి చస్తాయో చూడాలి. ఏ ఏటికాయేడు అందుకని ఒక సిమెంటు తొట్టి కడిగి నింపాను. చేపలను వేయలేదు.

ఇప్పుడు చుట్టూ బోర్లు పడి బావిలో నీళ్లు అప్పటిలో సగం లేవు. మళ్లీ అలాంటి ఎండ వస్తే ఆ నీళ్లలో ఒక వంశానికే చోటు. సగం సగం వేస్తే దేనిలోనూ చాలినన్ని తల్లులు మిగలవు, అన్నాచెల్లెళ్లే జత కట్టి రెండూ కుంగిపోతాయి. పోయిన సెలవుల్లో పావని గట్టు మీద కూర్చుని అడిగింది. "కరువొస్తే బావిలో ఏవి వేసేది అత్తా?" రాసి పెడతానన్నాను.

ఏటా కుప్పం నుంచి చేప పిల్లల కోసం వచ్చే గంగప్ప ఈ కాగితానికి సాక్షి. ఇంతవరకు చదివి, "యాదో ఒకటి రాసెయ్యమ్మా, కాగితమే కదా" అంటున్నాడు. ఆయన కొనుక్కుపోయేది ప్రతిసారీ నా చేపల పిల్లలనే. వానలు కురిసిన ఏడు గంగప్ప ఎంపికే సరి.

నా చేపలు అని రాశాను, కొట్టేశాను. నాయనవి అని రాశాను, అది కూడా కొట్టేశాను. ఆ కొట్టివేతల పక్కన చిన్న సంతకాలు చేశాను, అవి నావే. పావనీ, ఏవి వేయాలో నాకు తెలియదు. ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

పుంగనూరు, 2007 ఆగస్టు 19

(సంతకం) ఎం. ఉషారాణి

సాక్షులు:
1. గంగప్ప, రైతు, కుప్పం
2. తులసమ్మ, టీచరు, సదుం