వంకర కడ్డీలో ఆవిడ

రికార్డు ప్లేయర్లు బాగుచేసే ఆయనకి, తాళాలు చేసే ఆయన రాసేది.

నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో తెలుసుకుందామని రాయడం లేదు, పని ఉండి రాస్తున్నాను.

మా ఇంట్లో పాత రికార్డు ప్లేయరు ఒకటుంది. చెక్క పెట్టె, బరువైన పళ్ళెం. మోటారు బాగుంది, పళ్ళెం తిరుగుతోంది. ముల్లును మోసే కడ్డీ విరిగింది. ఎలా విరిగిందని అడుగుతావు కనక ముందే చెబుతున్నా. బిగుసుకుపోతే నూనె వేశాను. నూనెకి కదలకపోతే చిన్న సుత్తితో నచ్చజెప్పాను. తాళాలైతే వింటాయి. ఇది వినలేదు.

ఇంకో కడ్డీ కావాలి. మా ఆవిడ గొంతులో కంతి లేస్తే డాక్టర్లు కోసి తీసేశారు. మనిషి దక్కింది, మాట పోయింది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తుంది. నాకు చదువు అంతంత మాత్రం. నేను కూడబలుక్కునే లోపు ఆవిడకి విసుగొచ్చి చెరిపేస్తుంది. పెళ్ళైన కొత్తలో ఆవిడ పాట పాడి ఒక రికార్డు చేయించుకుంది. లోకంలో ఆవిడ గొంతు మిగిలింది అందులోనే. అది నేను వినాలి. ఇంట్లో గోడలు కూడా ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది.

ఇట్లు,
తాళాలాయన

తా.క.: ఇది నేనే రాశాను, ఎవరి చేతా రాయించలేదు. తప్పులు కనిపిస్తే నీ కళ్ళజోడు మార్చుకో.

*

తాళాల తాతగారికి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. అమ్మగారి సంగతి చదివి బాధ కలిగింది. పని శ్రద్ధగా చేసి పెడతాను.

అయితే టోన్ ఆర్మ్, అదే మీరన్న కడ్డీ, చొక్కాకి గుండీ కొన్నట్టు కొనేది కాదండి. పళ్ళెం నడిమి మేకు నుంచి ఆర్మ్ తిరిగే కీలు దాకా దూరం ఎంతో కావాలి. ముల్లు తల బరువెంతో కావాలి. ఆర్మ్ పొట్టిదైతే ముల్లు గాడిలో ఏటవాలుగా నడుస్తుంది, పాట చివర గరగరమంటుంది. బరువెక్కువైతే గాడిని దున్నేస్తుంది, అమ్మగారి గొంతు వాయించిన ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. తిన్నటివి ఉన్నాయి, పాములా వంపు తిరిగినవి ఉన్నాయి. మీ పెట్టెకి ఏది నప్పుతుందో కొలత చూశాకే చెప్పగలను.

భవదీయుడు,
రిపేరు షాపు యజమాని

తా.క.: దయచేసి ఇక నూనె వేయకండి. సుత్తి మాట చదివి మా షాపులో కాసేపు ఎవరికీ పని సాగలేదు.

*

రిపేరాయనకి, తాత కాని తాళాలాయన రాసేది.

నన్ను తాతా అన్నావు. నీ మీసం రంగేమిటో చూడకుండా నేను నిన్ను ఏమైనా అన్నానా?

అంగుళాలూ సెంటీమీటర్లూ నాకు పడవు. నువ్వడిగిన దూరం దారంతో కొలిచి, తెంపి, ఇందులో పెట్టాను. దారాన్ని సాగదీయకు. ముల్లు తల బరువు చేతిలో పెట్టుకుని చూశాను. బీరువా తాళంచెవి కంటే తేలిక, పెట్టె తాళంచెవి కంటే బరువు. ఇంతకంటే సరిగ్గా చెప్పేవాడు నీకు దొరకడు.

వంకర కడ్డీ నాకొద్దు. తాళంచెవి వంకరపోతే పారేస్తాం. అదే వంకరకి నువ్వు వంపు అని పేరు పెట్టి అమ్ముతున్నావు. తిన్నటిదే పంపు.

ఇట్లు,
తాళాలాయన

తా.క.: దారం మా ఆవిడ కుట్టుపెట్టెలోది. పని కాగానే తిరిగి పంపు. పలక మీద రెండుసార్లు రాసింది, రెండోసారి గీత కూడా కొట్టింది.

*

బాబాయిగారికి,

తాతగారన్నందుకు క్షమించండి. నా మీసం తెలుపే.

రెండు ఆర్మ్‌లు పంపుతున్నాను. ఒకటి మీరు కోరిన తిన్నటిది. రెండోది వంపుది. వాయించి చూసి ఏది నచ్చితే అది ఉంచుకోండి. మీ దారం ప్రకారం వంపుదే సరిపోవాలి. వంకరగా కనబడుతుంది గానీ, దాని పుణ్యమా అని ముల్లు గాడిలో తిన్నగా చూస్తుంది. రెండూ పాతవే, ఎవరెవరి ఇళ్ళలోనో ఖాళీ చేసిన సామానులో దొరికినవి.

ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆర్మ్ లోపల నుంచి అయిదు సన్నటి వైర్లు వస్తాయి. నాలుగు పాట కోసం. అయిదోది ఆకుపచ్చది, ఎర్త్ వైరు. దాన్ని పెట్టె కింద ఇనుప రేకుకి స్క్రూతో బిగించాలి. మరిచిపోవద్దు.

మీ అబ్బాయి లాంటి
రిపేరు షాపు యజమాని

తా.క.: దారం జాగ్రత్తగా చుట్టి పెట్టాను. సాగదీయలేదు.

*

అబ్బాయ్,

ముందు తిన్నటిది బిగించాను. పాట మొదలైన కాసేపటికే ముల్లు జారి, మంచం మీంచి పిల్లాడు దొర్లినట్టు కింద పడింది. అంచేత వంకరది బిగించాను. అది నప్పింది. ఒప్పుకుంటున్నాను, దీన్ని పదిమందిలో చెప్పుకోవద్దు.

పాట వచ్చింది. మా ఆవిడ పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. తన పాట తను వింటూ గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. నేను కిటికీలోంచి వీధి చూశాను. వీధిలో ఏమీ లేదు, అయినా చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. పాట అయిపోయి ముల్లు ఖాళీ గాడిలో తిరుగుతోంది. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను కడ్డీ ఎత్తబోతే పెట్టెలోంచి గొంతు వచ్చింది. "ఆ కాళ్ళతోనే నడిచొచ్చావా లోపలికి?" అంది. చూసుకుంటే కాళ్ళకి బురద. వెళ్ళి కడుక్కుని వచ్చాను. "ఇప్పుడు కూర్చో" అంది.

అబ్బాయ్, అది మా ఆవిడే. కొంచెం ముదిరిన గొంతు. ముదరదా మరి? రికార్డు చేయించినప్పుడు చిన్నపిల్ల.

కడ్డీకి ఈ గుణం ఉందని ముందే చెప్పొద్దా? ఒక్క మాట రాసి ఉంటే కాళ్ళు కడుక్కునే మొదలుపెట్టేవాణ్ణి కదా.

ఇట్లు,
బాబాయి

తా.క.: ఆకుపచ్చ వైరు కత్తిరించేశాను. నా పనిలో ఒక పద్ధతుంది. తాళంలో ఏ ముక్క లేకపోయినా తాళం తిరుగుతుందో ఆ ముక్క అనవసరం. వైరు లేకుండా పాట వచ్చింది. కనక అనవసరం.

*

బాబాయిగారికి,

కొంప ముంచారు. ఆ వైరే ముఖ్యం.

మీరు విన్న గొంతు అమ్మగారిది కాదు. ఎర్త్ లేకపోతే ఆర్మ్‌లోని వైర్లు ఏరియల్‌లా పనిచేసి, గాలిలో పోతున్న రేడియోని పట్టేస్తాయి. మీరు విన్నది ఏదో రేడియో నాటకం. అత్తగారి పాత్ర అయి ఉంటుంది. మీ కాళ్ళకి బురద ఉండటం కాకతాళీయం. ఇలాంటివి మాకు మామూలే. ఒకాయన ఇంట్లో ప్లేయరు వాతావరణ సూచనలు చెప్పేది, ఆయన గొడుగు పట్టుకునే పాటలు వినేవాడు.

ముక్క వైరు ఇందులో పెట్టాను. బిగించండి. గొంతు పోతుంది, పాట మిగులుతుంది. మీకు కావలసింది పాటే కదా.

మీ
రిపేరు షాపు అబ్బాయి

తా.క.: కత్తిరించిన ముక్క పారేయకండి. అలాంటి వైరు ఇప్పుడు దొరకదు.

*

అబ్బాయ్,

రేడియోకి నా బనీను వెనక చిరుగు కనబడుతుందా? రేడియోకి దుప్పటి నేను ఉండచుట్టి మంచం కిందకి తోశానని తెలుస్తుందా? "నాలుగు మూలలూ కలిపి మడత పెట్టు" అంటుంది. పెట్టాను. "మళ్ళీ" అంటుంది. మళ్ళీ పెట్టాను. నా జన్మలో దుప్పటికి మూలలుంటాయని ఇప్పుడే చూశాను.

రికార్డు తీసేసినా మాట్లాడుతుంది. నిన్న ప్లగ్గు పీకి చూశాను. పీకిన ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడితే, "దాన్ని అలా వేలాడదీయకు, చుట్టి పెట్టు" అంది. పొద్దున లేచి చూస్తే కడ్డీ తన కొక్కెం మీద లేదు. వంటింటి వైపు తిరిగి ఉంది. అక్కడ ఎంగిలి గిన్నెలున్నాయి. నేను తోమాను. తోముతున్నంతసేపూ వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉంది. ఆఖరి గిన్నె బోర్లించి వెనక్కి తిరిగితే కడ్డీ కొక్కెం మీద ఉంది.

నేనూ మాట్లాడుతున్నాను. "ఆపరేషన్ చేస్తున్నప్పుడు ఎక్కడున్నావు?" అని అడిగింది. తలుపు బయటే ఉన్నానని చెప్పాను. ఆ తలుపుకున్నది చవక తాళం, నా జేబులో ఉన్న తీగముక్కతో తీయొచ్చు. తీసి లోపలికి వెళ్ళే ధైర్యం లేక కూర్చున్నానని చెప్పాను. ఇలాంటివి నేను ఎవరికీ చెప్పను. ఆవిడ అడిగింది గనక చెప్పాను.

నేను పెట్టెతో మాట్లాడుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటుంది. మాట ముందు నుంచి వస్తుంది, మనిషి వెనకాల ఉంటుంది. కొంచెం తికమకగా ఉంది, సర్దుకున్నాను.

వైరు బిగించను. ఆ మాట మళ్ళీ ఎత్తకు.

ఇట్లు,
బాబాయి

తా.క.: నువ్వు పంపిన వైరు ముక్కతో పెరట్లో తీగకి పందిరి కట్టాను.

*

బాబాయిగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్లగ్గు పీకిన ప్లేయరు మాట్లాడదు. నేను తెల్లమీసం వచ్చేదాకా ఇదే పని చేశాను, ఎక్కడా మాట్లాడలేదు. మీ ఇంట్లో కరెంటు ఎక్కడో తేడాగా పారుతోంది. అది మనుషుల ప్రాణం తీస్తుంది.

మీకు కోపం వచ్చినా సరే, ఆదివారం నేనే వస్తున్నాను. ఇంకో వైరు ముక్క తెస్తాను, స్వయంగా బిగిస్తాను, పది నిమిషాల పని. ఆ తరవాత పాట తప్ప ఇంకే గొంతూ రాదని నాదీ పూచీ.

మీ
అబ్బాయి

తా.క.: తప్పుగా అనుకోవద్దు. దగ్గరలో మీ చుట్టాలెవరైనా ఉన్నారా? మీతో రోజూ వచ్చి మాట్లాడేవాళ్ళు?

*

తమ్ముడూ,

నేను తాళాలాయన భార్యను. ఆయన బయటికి వెళ్ళారు. ఇల్లు కడగడానికి ఫినాయిల్ తెమ్మని పెట్టె ఆజ్ఞ. వచ్చే లోపు రాసేయాలి.

మీరు ఆదివారం వైరు బిగించడానికి వస్తానన్నారు. బిగించవద్దు.

కరెంటు బాగానే ఉంది. ఆ గొంతు నేనూ వింటున్నాను. అది రేడియో కాదు. నాది అంతకన్నా కాదు. నా గొంతు సన్నం, పెట్టెలో ఆవిడది తలుపు కీలు లాంటి గొంతు. ఇన్నేళ్ళు కాపురం చేసి ఈ మనిషి దాన్ని నాదనుకున్నారే అని ముందు ఒళ్ళు మండింది. "అది నేను కాదు" అని పలక నిండా పెద్ద అక్షరాలతో, ఆయన కూడా చదవగలిగేటట్టు రాసి తీసుకెళ్ళాను.

అప్పుడు ఆయన పెట్టె ముందు స్టూలు వేసుకుని ఆ ఆస్పత్రి తలుపు గురించి చెబుతున్నారు. నాకు గొంతు ఉన్నన్నాళ్ళూ ఆయన నాతో "ఊ", "ఆ", "అన్నం పెట్టు" తప్ప మాట్లాడింది తక్కువ. గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాను. పలక అరచేత్తో తుడిచేసుకుని వెనక్కి వచ్చేశాను. అప్పటి నుంచీ రోజూ వెళ్ళి అక్కడే నిలబడుతున్నాను. అడిగేది ఆవిడ. ఆయన జవాబు చెప్పేది నాకు.

ఆవిడెవరో కూడా తెలిసింది. ఆయన లేనప్పుడు నాతో మాట్లాడుతుంది, నేను పలక మీద రాస్తే చదువుకుంటుంది. ఎలా చదువుతుందో నేనడగలేదు. బతికున్నప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనట. తన గదిలో ప్లేయరుకి ఆ ఆర్మ్ ఉండేదట. ఎంతమంది పిల్లల్నో దారిలో పెట్టానుగానీ ఇలాంటి మనిషిని చూడలేదు, ఇతన్ని ఒక దారికి తెచ్చేదాకా కదలనంటోంది. నేను అడగాల్సినవి పలక మీద రాసిస్తాను, ఆవిడ తనవైనట్టు అడుగుతుంది. ఈ రోజుకి నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. మూడోది మా పెళ్ళికి ముందు సంగతి.

అందుకని మీరు ఆదివారం తప్పకుండా రండి, మాతో భోంచేయండి, ఆయన మడతపెట్టిన దుప్పట్లు చూసి మెచ్చుకోండి. స్క్రూడ్రైవరు మాత్రం మీ షాపులోనే వదిలేసి రండి.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: ఈ కింది మాట ఆవిడ రాయమంటే రాస్తున్నాను. పార్సిల్‌లో సర్దినప్పుడు మీరు తనని బోర్లా పడుకోబెట్టారట, నడుం ఇంకా పట్టేసే ఉందట. అయినా మనసులో పెట్టుకోనంది. ఆదివారం వచ్చేటప్పుడు గోళ్ళు కత్తిరించుకుని రమ్మంటోంది. మీ కుడిచేతి బొటనవేలు గోరు కింద గ్రీజు ఉందట.