అత్తయ్యగారి కంప్యూటర్, అల్లుడిగారి చిట్కాలు

చిరంజీవి అల్లుడుగారికి,

అత్తయ్య ఆశీస్సులు. నేను చూసుకునే మా ఊరి లైబ్రరీ కంప్యూటర్ నిండిపోయింది. కొత్త పుస్తకం పేరు ఎక్కించబోతే చోటు లేదంటోంది. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో అంతా దాని కడుపులోనే ఉంది. నెలాఖరులోగా బాగవకపోతే కమిటీవాళ్లు లైబ్రరీకే తాళం వేస్తారట. మీ ఆఫీసులో ఇలాంటి యంత్రాలు వందలు చూసుకుంటారని అమ్మాయి చెప్పింది. ఫోనులో వద్దు, చుక్కంటే నాకు కామా వినిపిస్తుంది. కాగితం మీద రాయండి.

ఇట్లు,
అత్తయ్య

తా.క. దానిమీద దుప్పటి తీసి గాలి తగలనిచ్చాను. ఏమీ తగ్గలేదు.

* * *

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. కంగారు పడకండి. నెల దాటిన పాత లాగులు తీసేయండి, బోలెడు చోటు దొరుకుతుంది. వాటితో ఎవరికీ పనిలేదు. ఏ ఆజ్ఞ ఇచ్చినా ముందు 'సుడో' అని పెట్టండి. అప్పుడు కంప్యూటర్ ఎదురు చెప్పకుండా వింటుంది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. ఒకసారి తీసేస్తే మళ్లీ రావు. చూసుకుని తీయండి.

* * *

అల్లుడుగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మీ మామయ్యగారి పాత లాగులు ఏడూ తీసి పాతబట్టలవాడికి ఇచ్చేశాను. బీరువాలో బోలెడు చోటు దొరికింది. కంప్యూటర్‌లో మాత్రం దొరకలేదు. వాటితో ఎవరికీ పనిలేదని మీరు రాసింది ఆయనకి చూపించాను. "నా లాగుల సంగతి అతనికెందుకు?" అని తువ్వాలు చుట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఇక మీతో మాట్లాడరట.

ఇట్లు,
అత్తయ్య

తా.క. "సుడో, భోజనానికి రండి" అన్నాను. ఎదురు చెప్పారు.

* * *

అత్తయ్యగారికి,

పాదాభివందనాలు. అయ్యయ్యో! లాగులంటే బట్టలు కాదండీ, యంత్రం రోజూ తనకోసం రాసుకునే చిట్టాలు. మామయ్యగారికి నా క్షమాపణలు చెప్పండి. నేనెప్పుడూ ఆయన బట్టల గురించి చెడుగా అనుకోలేదు. వాటిని తీసేయమని యంత్రానికి ఇవ్వాల్సిన ఆజ్ఞ వెనక పేజీలో పెద్దక్షరాలతో ఒక వరసలో రాశాను. ఉన్నదున్నట్టు కొట్టండి. ఏటవాలు గీతలూ ఖాళీలూ చాలా ముఖ్యం, ఒక్కటి అటూ ఇటూ అయినా కొంప మునుగుతుంది. హ్యాష్ గుర్తు తర్వాత ఉన్నది మీకోసం, యంత్రం దాన్ని చదవదు.

ఇట్లు,
చెప్పడం చేతకాని మీ అల్లుడు

తా.క. మామయ్యగారి నడుము కొలత రాయండి. అమ్మాయిని అడిగితే నవ్వుతోంది గానీ చెప్పట్లేదు.

* * *

అల్లుడుగారికి,

కంప్యూటర్ బాగైంది. కమిటీ అధ్యక్షుడు వచ్చి, కొత్త పుస్తకం తనే ఎక్కించి చూసుకుని, తెచ్చిన తాళం తెచ్చినట్టే పట్టుకుపోయాడు.

ఇక నిజం చెప్పేస్తాను. లైబ్రరీలో కంప్యూటర్ పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. వాటికి అట్టలేస్తూ అన్నీ చదివేశాను. లాగులంటే ఏమిటో మీ మొదటి ఉత్తరానికే తెలుసు. మామయ్యగారి బీరువా జోలికి పోనేలేదు. పెళ్లయిన ఆరేళ్లలో మీరు నాతో అన్న మాటలు రెండే: "బాగున్నారా", "వెళ్లొస్తాం". నేనేదో పాడుచేశానంటే కాస్త పొడుగ్గా రాస్తారనుకున్నాను. రాశారు. హ్యాష్ గుర్తు తర్వాత మీరు నాకోసం రాసిన మనసులో మాట మామయ్యగారు కూడా చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. ఆదివారం ఇద్దరూ రండి.

ఇట్లు,
అత్తయ్య

తా.క. మీరు రాసిన వరసలో మొదటి ఏటవాలు గీత తర్వాత ఒక ఖాళీ ఎక్కువ పడింది. ఉన్నదున్నట్టు కొట్టుంటే చిట్టాలతోపాటు యంత్రంలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయేది. ఆ ఖాళీ తీసేసి కొట్టాను. అమ్మాయికి చెప్పలేదు.