దిబ్బ మీద పూడిక

మే 29
ఎండిన కుంటలో తీసిన పూడికంతా తెచ్చి నడుమ ఉన్న దిబ్బ మీదే పోశారు! బోడి దిబ్బగా ఉన్నప్పుడు నేనూ, బోటనీ సుజాత మేడమూ నాటిన నేరేళ్లు, మద్దులు, కానుగలు ఇప్పుడు మోకాలి లోతు నల్లమట్టిలో ఉన్నాయి. ప్రొక్లెయిన్ డ్రైవర్ బీడీ కాలుస్తూ, "పూడిక మన్ను సారూ, మస్తు బలం. మా ఊర్ల దీనికోసం కొట్లాడుకుంటరు. మీ చెట్లకు ఫ్రీగ వోసిన, దావత్ ఇయ్యాలె" అన్నాడు.
చేనుకు బలమే. నిలబడ్డ చెట్టు మొదలు కప్పితే వేళ్లకు గాలి ఆడదు. చెబుదామనుకున్నాను. కానీ తలూపి తార్నాకలో ఇంటికి వచ్చేశాను. నేను ఒప్పుకున్నాననే అనుకుని ఉంటాడు.

మే 30
ఆ బండి పెట్టించింది వాకర్స్ సంఘం రంగారావు. "గట్టు మీంచి చూస్తే ఎంత నిండుగా ఉందండీ దిబ్బ! మీరే ముందు సంతోషిస్తారనుకున్నా."
"తీయించండి" అన్నాను.
"ఏమిటి?"
"మట్టి."
పక్కవాళ్లను చూసి నవ్వాడు. "ఈయన మాటలకు రేషన్ కార్డుందండీ." అందరూ నవ్వారు. అతని చేతిలోని పాల సంచి లాక్కుని కుంటలోకి విసరాలనిపించింది.

మే 31
మేడమ్‌కు ఫోన్. గుంటూరులో ఉంది, వాళ్లమ్మకు ఆపరేషన్. "మొదళ్లు కప్పేశారా... అయ్యో. నేను వచ్చేదాకా చెయ్యి పెట్టకండి."
వచ్చేదాకా!

జూన్ 2
రోజూ రాసే ఇంటి ఖర్చులు రాయబుద్ధి కాలేదు.

జూన్ 9
రాత్రంతా వాన. దిబ్బ చుట్టూ నీళ్లు నిండాయి. ఇక మనుషుల్ని దింపి మట్టి తీయించడం కాని పని. ఆగమన్న మనిషి ఇంకా గుంటూరులోనే.

జూన్ 14
కొంగలు దిగాయి. ముక్కుల్లో గూటి పుల్లలు. ఏటా వీటి కోసం ఎదురుచూసేవాణ్ణి. ఈసారి తిట్టుకున్నాను.

జూన్ 23
మేడమ్ వచ్చింది. గట్టు మీద నిలబడే గొడవ.
"ఇప్పుడు మనం దిబ్బ ఎక్కితే కొంగలు లేచిపోతాయండీ. గుడ్లన్నీ కాకుల పాలు. పిల్లలు ఎగిరేదాకా ఆగుదాం."
"అప్పటికి చెట్లుండవు."
"ఉండొచ్చు."
"చెట్టు చస్తే వచ్చే ఏడు గూడెక్కడ పెడతాయి?" గొంతు లేచింది. వాకింగ్ వాళ్లు ఆగి చూశారు.
"నాకు తెలియదనుకుంటున్నారా, యేసుపాదం గారూ? వాటిని నాటిన చేతులు నావి కూడా."
ఆమెతో ఇక మాట్లాడను. ఆమె చెప్పిందాంట్లో తప్పు లేదు. అందుకే మరీ మండుతోంది.

జూన్ 24
"చెట్ల సంగతి ప్రభువు చూసుకుంటాడు, ముందు ముద్ద మింగండి" అంది మా ఆవిడ మరియ.
"ఆయన చూస్తూంటే పూడిక ఎవరు పోశారు?"
సాయంత్రం ప్రార్థనకు నన్ను పిలవలేదు.

జూన్ 30
మద్దులకు ఏమీ కాలేదు. నేరేళ్లే పసుపెక్కుతున్నాయి — పెద్ద నేరేడు మరీ. గూళ్లలో సగం దాని మీదే.

జూలై 4
రంగారావు చుట్టాల్ని వెంటేసుకొచ్చాడు, విద్యానగర్ వాళ్లట. "మేం మట్టి పోయించాకే ఇన్ని కొంగలొచ్చాయి" అని చూపిస్తున్నాడు. నన్ను చూసి, "ఏమండీ, ఇప్పుడైనా ఒప్పుకుంటారా?"
తల తిప్పుకుని వచ్చేశాను. కాచిగూడ కొట్లో లెక్కలు రాసినన్నాళ్లూ ఇదే మౌనం. మంచివాడని పేరు తెచ్చింది. ఇప్పుడా పేరు మీద ఉమ్మాలనుంది.

జూలై 6
తెల్లారగానే చేపలు పట్టేవాళ్ల డ్రమ్ముల తెప్ప మీద దిబ్బకు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. పలుగు, పార తీసుకెళ్లలేదు — చప్పుడు.
పెద్ద నేరేడు కింద కూర్చుని చేతులతో తోడాను. మెల్లగా. పైన కొంగలు మెడలు చాచాయి, లేవలేదు. జానెడు లోతు. ఇంకో జానెడు. మురుగు వాసన. బెరడు వేలికి మెత్తగా ఊడొచ్చింది... ఒక పక్కే. ఇటు పక్క ఇంకా గట్టిగానే ఉంది. ఇంకా తోడితే బతుకుతుంది.
మోకాలు మార్చి కూర్చున్నాను, అంతే. ఒక కొంగ లేచింది. అది తిరిగొచ్చే లోపే కాకి దిగింది. నీలి గుడ్డు, ముక్కున కరుచుకుపోయింది. మిగతా కొంగలన్నీ నిలబడ్డాయి. ఒకటే అరుపు.
చేతులు మట్టిలోంచి తియ్యలేదు, ముందుకూ తోడలేదు. తర్వాత ఒక చెయ్యి తుడుచుకుని మేడమ్ నంబరు నొక్కాను. ఎత్తింది.
అరుపులు వినపడి ఉంటాయి.
"దిబ్బ మీదున్నారా?" అంది.