మా తాత ఎద్దులు తిన్న పూలకు నా మీద వారంటు

అత్తిముగం,
10-8-1983

హోసూరు సబ్ కలెక్టరు గారి సముఖమునకు, అత్తిముగం కాపురస్తుడు, ఓబయ్య కొడుకు కొండప్ప, వయసు 18, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నేను పుట్టుటకు నాలుగేళ్ల ముందు జరిగిన నేరానికి నన్ను పట్టుకొని పోకుండా ఆపుట గురించి.

అయ్యా,

తమ ఎదుట నిలబడి నేను మాట్లాడలేను. రెండో మాటకే నోరు ఎండిపోతుంది. అందుకని కాగితంపై మనవి చేసుకొంటున్నాను. చదివింది తెలుగు బడిలో అయిదు వరకే. తప్పులుంటే మన్నించవలెను.

1. 1961లో మా తాత సరిహద్దు అవతలి సంతకు చింతపండు బండి తోలుకొని పోయినాడు. బండికి నంబరు బిళ్ళ లేదని ఒక జుల్మానా, ఎద్దులను సర్కారు ఆఫీసు కంచెకు కట్టినందుకు ఇంకొకటి, అవి లోపలి పూలచెట్లు మేసినందుకు మూడవది వేసినారు. తాత కట్టకుండా వచ్చేసినాడు. 1964లో కాలం చేసినాడు. మరుసటి ఏడు నేను పుట్టినాను.

2. మా ఇంట్లో పెద్ద మనుమడికి తాత పేరే పెడతారు. తాత, ఓబయ్య కొడుకు కొండప్ప. నేనూ ఓబయ్య కొడుకు కొండప్పనే. నడుమ మా నాయన, కొండప్ప కొడుకు ఓబయ్య. ఈ లోపల పక్క రాష్ట్రం మైసూరు పోయి కర్ణాటక అయింది, మనది మద్రాసు పోయి తమిళనాడు అయింది. రాష్ట్రాలే పేర్లు మార్చుకొన్నవి గాని మా ఇంట్లో ఆ రెండు పేర్లే తిరుగుతున్నవి.

3. హోసూరు ఫ్యాక్టరీ ఒకదానిలో నాకు హెల్పరు పని దొరికింది. ఈ నెల 22లోగా పోలీసు వారి నడవడి సర్టిఫికెట్టు ఇవ్వాలి, లేకుంటే పని ఇంకొకరికి పోతుంది. దానికోసం స్టేషనుకు పోతే హెడ్డు కానిస్టేబులు గురుమూర్తి గారు పాత కట్ట విప్పి, తాత మీద అప్పట్లో మైసూరు నుండి వచ్చిన వారంటు తీసినారు.

"పేరు సరి, నాయన పేరు సరి, ఊరు సరి. ఇంకేం కావాలప్పా నీకు?"

"వయసు యాభై రెండని ఉండాది సార్."

"రాసినోడు తప్పు రాసుంటాడు."

4. మా నాయన పోయి చెప్పినాడు. "నీ పేరు ఓబయ్య. వారంటులో తండ్రి ఓబయ్య. నీ కొడుకే గదప్పా!" అని హెడ్డు గారు నాయన సంతకం కూడా తీసుకొన్నారు.

5. ఊరి చావుల పుస్తకం చూపించినాము. "కొండప్ప చచ్చిపోయినాడని ఉండాది. వీడేమో నా ముందర నిలబడి ఉండాడు. పుస్తకమే తప్పు" అన్నారు.

6. జుల్మానా కట్టేస్తామన్నాము. "కడితే నేరం ఒప్పుకొన్నట్టే. మళ్లీ నడవడి మంచిదని యాడ రాసేది?"

7. కడపట మా అవ్వ అంజనమ్మను తోడుకొని పోయినాము. అవ్వ ఏనాడూ మొగుని పేరు నోట పలకలేదు. ఆ పేరే నాది గనుక నన్నూ 'బుడ్డోడా' అనే పిలుస్తుంది. "నీ మొగుని పేరేందమ్మా?" అని హెడ్డు గారు అడిగితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా వైపు వేలు చూపించింది. "నిందితుని భార్య గుర్తుపట్టినది" అని వ్రాసుకొని వేలిముద్ర వేయించుకొన్నారు.

అయ్యా, ఆ ఫైలు ప్రకారం నేను మా నాయనకు కొడుకును, మా అవ్వకు మొగుడిని. సిగ్గుతో వారం దినాలుగా బయటికి రాలేదు.

కావున నేను చచ్చినవాడినైతే నా జోలికి రాకుండా, బ్రతికినవాడినైతే సర్టిఫికెట్టు ఇచ్చేలా తాము ఉత్తరువు చేయగోరుచున్నాను. ఆ ఎద్దులు కూడా చచ్చిపోయినవి. వాటి సంతతి మా కొట్టంలో ఉన్నది. దానిని విడిచిపెట్టవలెనని వేరుగా ప్రార్థన. ఇంతమాత్రం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొండప్ప (మనుమడు)

మరచిన సంగతి: ఈ అర్జీ చదివి వినిపిస్తే అవ్వ ఏడ్చింది. "నా వేలుతోనే గదరా నీకీ గతి పట్టింది! పద, ఆ దొర ముందర ఒక్కతూరి చెప్తాను. మగోళ్లనంతా బయటికి పొమ్మను" అన్నది. అలవాటు కావాలని పొయ్యికాడ గోడ వైపు తిరిగి "కొండప్ప" అన్నది. పద్దెనిమిదేళ్లలో అవ్వ నోట నా పేరు వినడం అదే మొదలు. నేను "ఓ" అని పలికినాను.

మంగళవారం తీసుకొని వస్తాను. మొగుని పేరు పలికినందుకు ఏ రాష్ట్రంలోనైనా జుల్మానా ఉంటే ఆ దినమే, అవ్వ మీదనే వేసేయవలెను. మా అక్కకు నెలలు నిండినవి. ఆడపిల్ల పుడితే అవ్వ పేరే పెట్టాలని ఉన్నాము.