కల్ అన్న మాట

లంకావీ, మలేషియా
డిసెంబరు 3

అమ్మకు,

నీ కూతురు లహరి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో ఏ బాధా లేదు, అన్నం బాగానే సహిస్తోంది. బాంబూఫ్లాట్‌లో నువ్వూ తమ్ముడూ కూడా కులాసాగా ఉన్నారనీ, నీ కంటి మంట తగ్గిందనీ అనుకుంటున్నాను.

గురునాథం మావయ్య చేత రాయించిన ఉత్తరం పోయిన నెలలో అందింది. మావయ్య కొట్లో చింతపండు తూస్తూనే రాసినట్టున్నాడు, రెండో పేజీ మూల మరక ఉంది. ఆ మరకని చాలాసేపు చూశాను. నా ఉత్తరం పోస్టులో రాదు. మా పడవ పక్కన కట్టి ఉన్న ఇంకో పడవలో వస్తుంది. అందులో హాలండ్ దేశపు ముసలి మొగుడూ పెళ్ళామూ ఉంటారు. వచ్చే వారం వాళ్ళు పోర్ట్‌బ్లెయిర్ బయలుదేరుతున్నారు. అక్కడినుంచి బాంబూఫ్లాట్ జెట్టీకి వచ్చి తమ్ముడికి ఇస్తామన్నారు. ఫోన్లో చెప్పుకోవచ్చు కదా అంటావు. ఉత్తరం రాయడం నాన్న పెట్టిన అలవాటు. "తెలుగు బడికి పంపింది ఎందుకే, రాయి" అనేవాడు. పైగా ఈసారి చెప్పాల్సింది ఫోన్లో చెప్పగలిగేది కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

పడవ మీద ఆడపిల్లకి పనేంటని మళ్ళీ అడిగావు. పొద్దున లేవగానే ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో పడవంతా కడగాలి. తాళ్ళు చుట్టాలి, తెరచాపల కుట్లు చూడాలి, చెక్కకి వార్నిష్ వెయ్యాలి. సముద్రంలో ఉన్నప్పుడు వంతులవారీగా చుక్కాని పట్టాలి. యజమాని ఏడాదికి రెండుసార్లు స్నేహితులతో వస్తాడు, అప్పుడు వాళ్ళకి కాఫీలు కూడా ఇవ్వాలి. నాన్న డోంగీ పడవ మీద ఎంత పనో ఇక్కడా అంతే. కాకపోతే దీన్ని అద్దంలా ఉంచాలి. స్టీలు కమ్మీ మీద వేలిముద్ర కనిపిస్తే కెప్టెన్ ఊరుకోదు. అవును, మా కెప్టెన్ ఆడమనిషే. పేరు ఆనా. యాభై దాటాయి. మర్యాదగానే చూస్తుంది, నువ్వేం భయపడకు.

వాంతులు ఇంకా అవుతున్నాయా అన్నావు. లేదు. మొదటి నెలలోనే పోయాయి. ఇప్పుడు నేల మీదే తూలుతున్నాను.

రత్నం పిన్ని "నీళ్ళ మీద తిరిగే పిల్లని ఎవడు కట్టుకుంటాడే, తిమింగలమా?" అన్నదని రాయించావు. మాల్దీవుల దగ్గర ఒకదాన్ని దగ్గరగా చూశాననీ, నాకు ఈడు కాదనీ పిన్నికి చెప్పు.

ఏయే ఊళ్ళు చూశావన్నావు. శ్రీలంకలో గాలె ఊరు, అక్కడ రేవు పక్కనే పాతకాలపు కోట. తరవాత మాల్దీవుల్లో పన్నెండు దీవులు. అక్కడ నీళ్ళు మన నీల్ ఐలాండ్ నీళ్ళలాగే ఉంటాయి, కొత్తేమీ కాదు. మాలే చేపల బజారులో ఒకాయన ట్యూనా చేపని నాలుగు కోతల్లో విడదీశాడు. నీకయితే మూడింట్లోనే అయ్యేది. అక్కడినుంచి వెనక్కి తిరిగి వానాకాలమంతా లంకావీలోనే ఉన్నాం. ఇన్ని చూశానని గొప్పగా రాయాలని కూర్చున్నాను గానీ చెయ్యి రావడం లేదు. గాలె పేరు రాసినప్పుడే ఆగిపోయాను. ఎందుకో కింద చెబుతాను.

నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన మాట చివర్లో ఉంది. తమ్ముడు నాగబాబు సాయంత్రాలు ఇంజిన్ షెడ్డు నుంచి నేరుగా మావయ్య కొట్టుకి వెళ్ళి తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నాడనీ, వచ్చే ఉత్తరం వాడే చదివి వినిపిస్తాడనీ రాయించావు. అందుకే అక్షరాలు పెద్దవిగా, ఒత్తులు విడివిడిగా రాస్తున్నాను. హిందీ బడిలో చదివినవాడు ఇరవై ఏళ్ళ వయసులో అ ఆలు దిద్దుతున్నాడు. ఎందుకు దిద్దుతున్నాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన వారం ఫోన్ చేసినప్పుడు వాడు ఏమన్నాడో విను. "అక్కా, రేపు, అంటే రాబోయే రోజు, మంగళవారం, ఇరవై అయిదో తారీఖు, అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడు. ఇదివరకు ఫోన్ ఎత్తగానే "క్యా దీదీ, జిందా హై క్యా? షార్క్ తినేసిందేమో అనుకున్నాం" అని మొదలుపెట్టేవాడు. ఆ రోజు ఒక్క హిందీ మాట లేదు. నవ్వూ లేదు. ఫోన్ పెట్టేశాక నేను పడవ ముందు భాగానికి వెళ్ళి కూర్చున్నాను. ఇక దాచకూడదని అక్కడే అనుకున్నాను.

తమ్ముడూ, ఇక్కడినుంచి నిదానంగా చదువు. ఒక్క మాట కూడా వదలకు.

అమ్మా, ఫిబ్రవరిలో ఏం జరిగిందో మొదటినుంచి రాస్తాను. మేం ఫుకెట్‌లో ఉన్నాం. అక్కడినుంచి గాలె దాకా సముద్రం దాటాలి, పది రోజుల దారి. నాకు అదే మొదటి పెద్ద ప్రయాణం. అలాంటివి కొన్ని చేస్తేనే పడవ నడిపే సర్టిఫికెట్ పరీక్షకి కూర్చోనిస్తారు. సోమవారం సాయంత్రం నాలుగింటికి బయలుదేరాలని నిర్ణయం. మధ్యాహ్నం కెప్టెన్ అందర్నీ పిలిచి, "దిగాల్సినవాళ్ళు ఇప్పుడే దిగండి, మధ్యలో రేవు లేదు" అంది. దిగితే నా చోట్లో ఇంకొకరు ఎక్కుతారు. రేవులో పని కోసం కాచుకుని ఉన్నవాళ్ళకి కొదవ లేదు.

రెండున్నరకి తమ్ముడి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, నాన్న పేగు ఆపరేషన్ కల్ పొద్దున్న. టెన్షన్ మత్ లో." అంతే.

హిందీలో నిన్నకీ కల్ అనే అంటారు, రేపటికీ కల్ అనే అంటారు. మన ఇంట్లో సగం మాటలు హిందీవే. అందుకే, నిన్న అయిపోయిందనుకున్నానని నేను చెప్పగానే మీరందరూ నమ్మారు. నేను వెంటనే పెట్టిన జవాబు కూడా అలాగే ఉంది. "హమ్మయ్య, అయిపోయిందా, నాన్నని పడుకోమను, పది రోజులు నా ఫోన్ పనిచెయ్యదు" అని పెట్టాను. పెట్టి, ఫోన్ ఆపేసి, నా పెట్టెలో బట్టల కింద దాచాను. అది చూసి తమ్ముడు కంగారుపడి పద్నాలుగుసార్లు ఫోన్ చేశాడు. గాలెలో దిగాక అవన్నీ ఒకేసారి కనిపించాయి.

అమ్మా, కల్ అంటే రేపని నాకు తెలుసు.

విన్నప్పుడే తెలుసు. శనివారం మాట్లాడినప్పుడు సోమవారం ఆసుపత్రిలో చేరుస్తామని తమ్ముడే చెప్పాడు. చేర్చకముందే నిన్న ఆపరేషన్ ఎలా అవుతుంది? ఇంత చిన్న సంగతి మీలో ఎవరికీ తట్టలేదు. ఏడుస్తున్నవాళ్ళకి ఎలా తడుతుంది? ఇంకొకటి కూడా ఉంది. ఆ మెసేజ్ చివర్లో, తమ్ముడి మాట అయిపోయాక, వెనక నాన్న గొంతు వినపడుతుంది. "దానికి సెప్పినావేటి? ఓపాలి ఫోన్ సెయ్యమను. లోపలికెల్లే ముందు మాటాడతాను" అన్నాడు. రెండుసార్లు విన్నాను. తమ్ముడి ఫోన్లో అది ఇంకా ఉంటుంది. నాన్న గొంతు వినలేక వాడు మళ్ళీ పెట్టుకుని ఉండడు.

ఎందుకు చెయ్యలేదని అడుగుతావు. టైము లేక కాదు, గంటన్నర ఉంది. మాట్లాడితే నాన్న రమ్మంటాడేమోనని భయపడ్డాను. రమ్మనకపోయినా ఆ గొంతు వింటే నేనే దిగిపోతానని భయపడ్డాను. మర్నాటికి ఎలాగూ ఇంటికి చేరలేను కదా, పదిరోజుల తరవాత లేచి కూర్చున్న నాన్నతో తీరిగ్గా మాట్లాడతాను అనుకున్నాను. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు నువ్వు వద్దన్నావు. నాన్న ఒక్కడే, "ఎల్లనియ్యే. నాను డోంగీ ఏసుకుని హేవ్‌లాక్ దీవి దాటి ఎల్నేదు, నా కూతురు దేశాలు దాటతాది" అన్నాడు. అది గుర్తు తెచ్చుకుని, వెళ్ళడమే నాన్నకి ఇష్టమని నాకు నేను చెప్పుకున్నాను. చూశావా, ఆయన మాటనే ఆయన మీద వాడాను.

ఇంకా ఉంది. గురువారం మధ్యాహ్నం గ్రేట్ నికోబార్ కొండలు కనిపించాయి. కెప్టెన్ నన్ను పిలిచి, "మీ దీవులే కదా, ఫోన్ తెచ్చుకుని చూడు, సిగ్నల్ దొరుకుతుందేమో" అంది. నేను చుక్కాని దగ్గర ఉన్నాను. ఆమె తను పట్టుకుంటానని కూడా అంది. "పర్వాలేదు, గాలెలో చేస్తాను" అన్నాను. సిగ్నల్ ఉండేదో లేదో తెలియదు. నేను చూడలేదు. నాన్న పోయింది ఆ సాయంత్రమే.

గాలెలో సంగతి తెలిశాక నీకు ఫోన్ చేసి మొదట అన్న మాట "నేను నిన్న అనుకున్నానమ్మా" అని. ఏడుస్తూనే అన్నాను, ఏడుపు నిజమే. నువ్వు "సిన్నోడు సరిగ్గా సెప్పుంటే" అన్నావు. కాదనాల్సింది అప్పుడు. అనలేదు.

ఏప్రిల్‌లో ఇంటికి వచ్చినప్పుడైనా చెప్పాల్సింది. నాకు అన్నం పెట్టి, పిన్ని ముందు నువ్వు వాణ్ణి నిలబెట్టావు. "సగం ఇందీ, సగం తెలుగు. ఆ కల్ బదులు రేపని ఒక్క ముక్క అనుంటే ఆయన కూతురి గొంతు ఇనే ఎల్లేవోడు" అన్నావు. వాడు తలొంచుకుని, "అవునమ్మా, గలతీ నాదే" అన్నాడు. "మళ్ళీ తప్పుని గలతీ అంటాడు, సూడు!" అన్నావు. పిన్ని నవ్వింది. నేను పులుసు కలుపుకుంటున్నాను. తల ఎత్తలేదు. ఆ ముద్ద మింగాను కూడా.

మర్నాడు మావయ్య కొట్టుకి వాడితో కలిసి వెళ్ళాను. బల్ల మీద కూర్చున్న గవరయ్య తాత, "ఏరా నాగబాబూ, ఫెర్రీ కల్ ఎల్తాదా, కల్ ఎల్లిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు ఉప్పు పాకెట్టు తీసుకుని బయటికి వచ్చేశాడు. దారిలో నాతో, "దీదీ, మాఫ్ కర్ దో" అన్నాడు. క్షమించమని నన్నే అడిగాడమ్మా. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా" అన్నాను. నాన్నకి ఫోన్ చెయ్యకపోవడం కంటే ఆ పోనీలేరా అన్నందుకే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. అక్కడ, వాడు చెయ్యని తప్పుకి వాణ్ణి క్షమించాను.

మన ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. మాటలు తెలిసినదాన్నని మీరు నన్ను నమ్ముతారు. ఇదీ అలాగే నమ్మారు.

తమ్ముడూ, నువ్వు తప్పు చెప్పలేదు. చెప్పాల్సిందే చెప్పావు, వేళకి చెప్పావు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నాను. నీకు ఎలా వస్తే అలా మాట్లాడు. అక్షరాలు నేర్చుకోవాలని ఉంటే నేర్చుకో, లేకపోతే మానెయ్యి.

నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. ఇదంతా లోపల చదువుకుని, అమ్మకి మాత్రం "అక్క బాగుందట, తిమింగలాన్ని చూసిందట" అని చెప్పి కాగితం మడిచేస్తావు. నన్ను కాపాడతావు. అందుకే ఇదే సంగతి ఇంకో కాగితం మీద రాసి గురునాథం మావయ్య పేర వేరే కవరులో పెట్టాను. హాలండ్ ముసలాయన దాన్ని నీ చేతికి ఇవ్వడు, తనే నడిచి కొట్టుకి తీసుకెళ్తాడు. బల్ల మీద అందరూ ఉన్నప్పుడు గట్టిగా చదవమని మావయ్యని అడిగాను. నవ్విన చోటే వినాలి.

అమ్మా, నన్ను తిట్టాలని ఉంటుంది. తిట్టు. రావద్దంటే రాను. రమ్మంటే కెప్టెన్‌కి చెప్పి ఇక్కడ దిగిపోయి వస్తాను. అది తరవాత సంగతి. ఈ ఉత్తరం చదివిన మనిషి ఇప్పుడు నీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు. ముందు వాడితో మాట్లాడు.

ఇట్లు,
నీ కూతురు, నాగబాబు అక్క,
లహరి