పూత జాడీలు

మీకు,

కంగారు పడకండి అని మొదలుపెడితే ఇంకా కంగారు పడతారని తెలుసు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మన పిచ్చుకకు కడుపునొప్పి తగ్గలేదు. వచ్చినప్పుడల్లా మెలికలు తిరిగిపోతోంది. మొహం పాలిపోయింది. మెట్లెక్కమంటే మొదటి మెట్టు మీదే కూలబడుతోంది. ఒక్క నిమిషం నోరు మూసుకోవే తల్లీ అని మనిద్దరం బతిమాలుకున్న పిల్లేనా ఇది? ఇప్పుడు ఒక్క మాట మాట్లాడమని నేను బతిమాలుతున్నాను. వచ్చిన మాటలు కూడా మర్చిపోతోందండీ.

నిన్న పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తం తీశారు. గోడలకు రంగు ఊడిపోతోందా, నీళ్ళ గొట్టాలు పాతవా అని ఏవేవో అడిగారు. చివరికి, "పిల్ల ఇష్టంగా ఏం తింటుంది?" అన్నారు. ఉప్పులో ఊరిన నిమ్మముక్క వాళ్ళ నాన్నమ్మ రోజూ చేతిలో పెడుతుందని, అది చప్పరించందే ముద్ద దిగదని చెప్పాను. "ఆ ముక్కలు దేంట్లో నిలవ చేస్తారు?" అన్నారు. జాడీలోనండీ అన్నాను. ఆవిడ రాస్తున్న కలం ఆపేసి, ఆ జాడీ ఒకటి తెచ్చి చూపించమన్నారు.

ఇంటికొచ్చి అడిగితే అత్తయ్య నవ్వారు. "ఏం, డాక్టరమ్మ ఇంట్లో ఉప్పు పోసుకోడానికి గిన్నె లేదా?" అన్నారు. అన్నారే గాని, అరలో ఉన్నవాటిలో అందమైనది ఏరి, కొంగుతో తుడిచి, బోర్లించి నాకు మళ్ళీ చూపించారు. అడుగున పూత అంటని రెండు మచ్చలు. పూత తొట్టిలో ముంచేటప్పుడు మామయ్య వేళ్ళు పట్టుకున్న చోటు. "ఇది సంతకమే అమ్మాయ్. ఆయనకి వేరే సంతకం ఎక్కడ వచ్చు?" అన్నారు. మన వీధి చివర జాడీల ఫ్యాక్టరీ మూతబడి గడ్డి మొలిచినా, అక్కడి బట్టీలో కాలిన సరుకే సరుకు ఆవిడకు. నేను కొన్న ప్లాస్టిక్ డబ్బాల్ని చూస్తే, "మూత తీస్తే ఏడుపు, వేస్తే అలక" అంటారు. నేను జాడీ పట్టుకుని వెళుతుంటే గుమ్మంలో నిలబడి, "డాక్టరమ్మ కూడా మా ఆయన చేతి జాడీ కావాలందట" అని వీధి వీధంతా వినబడేలా చెప్పారు.

ఫలితం రాగానే రాస్తాను. మీ ఒళ్ళు జాగ్రత్త.

మీ
నేను

*

మీకు,

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియడం లేదు. రెండు కాగితాలు చింపేశాను.

పిచ్చుక రక్తంలో సీసం ఉందట. జాడీ పూతలోనూ సీసమే ఉందట. "పులుపూ ఉప్పూ కలిసి పూతను కొరుక్కుతింటాయమ్మా. ముక్కతో పాటు అదీ పిల్ల కడుపులోకి పోయింది" అన్నారు డాక్టరమ్మ. మందు ఇచ్చారు. ఆ జాడీల్లోది గింజ కూడా పిల్ల నోట పెట్టొద్దన్నారు. మాటలు మళ్ళీ వస్తాయా అని అడిగాను. "ఎంత బాగుపడుతుందో ఇప్పుడే చెప్పలేను" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది.

తర్వాత, ఈ జాడీలు ఎక్కడివి, పూత వేసిందెవరు అని అడిగారు. మామయ్య సంగతి చెప్పాను. పోయేముందు కడుపు పట్టుకుని ముడుచుకుపోయేవారని, మణికట్లు వేలాడిపోయి గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవారని. "ఆయనకు ఎవరూ పరీక్ష చేయలేదా?" అన్నారు. చేయలేదండీ, తాగుడు వల్ల వచ్చిన వణుకని ఫ్యాక్టరీ వాళ్ళు పనిలోంచి తీసేశారని చెప్పాను. "తాగేవారా?" అన్నారు. చుక్క ముట్టలేదు కదండీ ఆయన. తాగుబోతు పెళ్ళాం అన్న మాట అత్తయ్య ఎన్నేళ్ళు మోశారో మీకు తెలుసు.

ఇంటికి ఎలా నడిచొచ్చానో నాకు గుర్తు లేదు. దారి పొడవునా మీ చేతులే కనబడ్డాయి. ఇక్కడి బట్టీలు ఆరిపోయాక ఆ ఫ్యాక్టరీ యజమానే మీరున్న ఊళ్ళో మళ్ళీ వెలిగించాడు. తండ్రి నిలబడ్డ తొట్టి దగ్గరే కొడుకునీ నిలబెట్టాడు. పనివాడి కొడుకని పిలిచి పని ఇచ్చాడని మనం సంబరపడ్డాం. మీ తొట్టిలో ఏముందండీ? పోయినసారి వచ్చినప్పుడు చొక్కా గుండీలు పెట్టమని నన్ను అడిగారు. నేను సరసమనుకున్నాను. నిజం చెప్పండి, మీ వేళ్ళకు గుండీ పట్టు దొరకడం లేదా?

అత్తయ్యకు ఏమీ చెప్పలేదు. తన చేత్తోనే మనవరాలికి విషం పెట్టానని తెలిస్తే ఆవిడ బతుకుతారా? పిల్ల పగలగొట్టుకుంటుందని సాకు చెప్పి జాడీలన్నీ అటకెక్కించాను. "ఇవాళ నా జాడీల్ని ఎక్కించావు. రేపు నన్ను ఎక్కిస్తావు" అన్నారు. నాలుక మీద నిజం పెట్టుకుని గయ్యాళి కోడలిలా నిలబడ్డాను.

వెంటనే జవాబు రాయండి.

మీ
నేను

*

మీకు,

మీ జవాబు అందింది. అక్షరాలు ఎంత వంకరపోయాయో చూశాను. అందులో ఏముందో చదవక ముందే నాకు జవాబు దొరికింది.

అమ్మకు చెప్పకు, వీధిలో ఎవరికీ చెప్పకు, మాట ఇక్కడిదాకా వస్తే నా పని పోతుంది, పోతే ఏం తింటాం అని రాశారు. నిజమే, ఏం తింటాం? మిమ్మల్ని రమ్మంటే పొయ్యి ఆరిపోతుంది. ఉండమంటే మీరే ఆరిపోతారు. నేను ఏమనాలో మీరే చెప్పండి.

అయినా చెప్పకు అన్న మాట నా చేతిలో లేకుండా పోయింది. మొన్న దర్జీ కోడలు పురిటి నుంచి వచ్చి పసివాణ్ణి చూపించడానికి మనింటికొచ్చింది. మన వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా అత్తయ్య ఒక జాడీ ఇస్తారు కదా. ఫ్యాక్టరీలో అంచు సొట్టపోయి పక్కన పడేసినవి మామయ్య తెచ్చి ఆవిడ ముందు పెట్టేవారు. ఆవిడ అలా ఇచ్చి ఇచ్చి, ఇప్పుడు మన వీధిలో ఆ జాడీ లేని వంటిల్లు లేదు. ఆ రోజూ నేను వద్దంటున్నా వినకుండా స్టూలెక్కి, అటక మీద నుంచి ఒకటి దించి దర్జీ కోడలి చేతికి అందించారు. నేను లాక్కున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. "ఇచ్చేది నా మొగుడి కష్టం. లాక్కోడానికి నువ్వెవరివే?" అని అత్తయ్య అరిచారు. ఆ అరుపుకు పిచ్చుక ఉలిక్కిపడి ఏడ్చింది. అంతే, అన్నీ నా నోట్లోంచి వచ్చేశాయి. రక్తం, సీసం, మామయ్య చేతులు, మీ చేతులు, అన్నీ.

అత్తయ్య నేల మీద కూర్చుండిపోయారు. "పిల్లకి నేనే పెట్టానా?" అన్నారు. కాదని ఒక్క మాట అనాల్సింది. అనలేకపోయాను.

అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. తిట్టడమూ లేదు. తిడితే బాగుండును. ఈ పొద్దున చెప్పులేసుకుని ఎక్కడికో వెళ్ళారు. మధ్యాహ్నమైనా రాలేదు. పిల్లను చంకనేసుకుని గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను.

మీ
నేను

*

ఒరేయ్ నాన్నా,

నీ పెళ్ళాం కంగారుపడి నీకు ఏదో రాసి ఉంటుంది. నేను ఎక్కడికీ పోలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నా వంతు వచ్చేదాకా కూర్చుని రెండు మాటలు అడిగాను. పిల్లకు తగ్గుతుందా అని ఒకటి. ఆవిడ తెలియదంది. మీ నాన్నది తాగుడు కాదా అని రెండోది. "చూడకుండా రాసివ్వలేను గాని, మీరు చెప్పినవన్నీ సీసం లక్షణాలేనమ్మా" అంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆ రోజుల్లో ఆయన నోరు వాసన చూసేదాన్నిరా. ఒట్టేసినా నమ్మక రోజూ వాసన చూసేదాన్ని. ఆయన పిల్లాడిలా నోరు తెరిచి చూపించేవాడు.

అక్కడి నుంచి వీధిలోకొచ్చి ఇంటింటికీ తిరిగాను. నేనిచ్చిన జాడీ నాకిచ్చెయ్యండి, అందులో విషముంది అన్నాను. నీ పెళ్ళాం పిల్లను ఎత్తుకుని వెతుక్కుంటూ వచ్చి నా వెనకాలే నడిచింది. దర్జీ వాళ్ళు తలుపు దగ్గరే ఇచ్చేశారు. మంగలాయన, "మీ ఆయన తాగి పోయాడు. ఇప్పుడు నింద జాడీ మీద వేస్తావా?" అన్నాడు. బేకరీ ఆవిడ, ఇచ్చిన సొమ్ము తిరిగి అడగడానికి సిగ్గులేదా అంది. కొందరు మమ్మల్ని చూసి తలుపేసుకున్నారు. బిచ్చగత్తెకైనా చెయ్యి ఖాళీ లేదని చెప్పి పంపుతారు. నాకు ఆ మాట కూడా లేదు. ఎన్ని గుమ్మాలు ఎక్కానో అన్నీ దిగాను. వచ్చినవి కొన్నే. మిగతా ఇళ్ళల్లో పిల్లలు తింటూనే ఉన్నారు. తలుపు అవతల నేనేం చేయగలను?

వచ్చినవాటిని, మన ఇంట్లోవాటినీ పెరట్లో గొయ్యి తీసి పాతేయమన్నాను. పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. నీ పెళ్ళాం తవ్వింది. నాతో మాట్లాడమని ఒక్కసారి కూడా అడగలేదు. నేనే, నీళ్ళు తాగవే అన్నాను. తాగింది.

ఇక నీ సంగతి. పని మానేస్తే ఏం తింటాం అన్నావట. నాకు జవాబు తెలియదు. తెలిసినట్టు నటించను. కానీ మీ నాన్న చివరికి ముద్ద నోటిదాకా ఎత్తుకోలేకపోయాడు. నేను తినిపించాను. పక్కింటివాళ్ళు చూస్తే సిగ్గుపడి గోడ వైపు తిరిగేవాడు. నీకు అలా తినిపించాల్సిన రోజు నేను చూడలేను. నీ పెళ్ళాం ఎందరికని తినిపిస్తుంది? అటు పిల్లకా, ఇటు నీకా?

నువ్వు రానంటావని తెలుసు. మొండిఘటానివి. నీ యజమాని మంచివాడని కూడా అంటావు. మీ నాన్నా అలాగే అనేవాడు. అందుకని నిన్ను అడగడం లేదు. రేపు పొద్దున్నే బస్సెక్కుతున్నాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేను ముందు చేరతానో తెలియదు. ఉత్తరం ముందు వస్తే ఫ్యాక్టరీ గేటు బయటికొచ్చి నిలబడు. నేను ముందు వస్తే నేనే గేటు దగ్గర కూర్చుంటాను. నువ్వు చేతులు కడుక్కుని వచ్చేదాకా లేవను.

మీ అమ్మ